చెడిపోని మీటరు

కొలత చూపనిదే నేను ఏ మాటా నమ్మను. సౌదీ అరేబియాలో రాబిగ్‌లోని ఒక ప్లాంటులో, వెల్డింగు అతుకుల్లోని పగుళ్లను గామా కిరణాలతో ఫొటో తీసే విభాగానికి చాలాకాలంగా భద్రతాధికారిగా ఉన్నాను. అణువిద్యుత్ కేంద్రానికి భూములిచ్చేందుకు మా రాష్ట్ర శాసనసభ ముందుకు రావలసిన బిల్లుకు మద్దతు కూడగడుతున్న పాత సహాధ్యాయి ఫోన్ చేసినప్పుడు, అందుకే సంకోచించలేదు.

"శ్రీకాకుళం తీరంలోని ఊళ్లవాళ్లు మమ్మల్ని గుమ్మం తొక్కనివ్వడం లేదు. వాళ్ల మగవాళ్లు నీ క్యాంపులో ఉన్నారు కదా. శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు సరేనని ఒక్క మాట చెప్పించు. ఊరు ఒప్పుకుంటే ఎమ్మెల్యే కూడా జంకడు" అన్నాడు.

అతని అంచనా సరైనదే. కూతురి సంబంధం మొదలు బోరు వేయవలసిన చోటు దాకా, ఇక్కడి శ్రీకాకుళం వాళ్లు అన్నీ శుక్రవారం ఫోనులోనే తేలుస్తారు.

ఆ శుక్రవారం జుమా నమాజు వేళ దాటాక వాళ్లూ నేనూ మెస్‌లో కలిశాం. ఈ దేశంలో అనుమతి లేని సభ ఎంత ప్రమాదమో తెలుసు గనుక, భోజనమనే పిలిచాను. పళ్లేలు తీశాక, రేడియేషన్ కొలిచే నా సొంత జేబు మీటరు బల్ల మీద పెట్టాను.

"చూడండి, సున్నా పాయింటు ఒకటి. మట్టిలో, గోడలో, మన ఒంట్లో ఎప్పుడూ ఉండేదే ఇది. సక్రమంగా నడిచే అణుకేంద్రం ప్రహరీ అవతల కూడా దాదాపు ఇంతే ఉంటుంది. నా మాట నమ్మవద్దు, అంకెను నమ్మండి."

మీటరు చేతులు మారుతూ పెద్ద రిగ్గర్ దగ్గరికి చేరింది. క్రేను ఆపరేటరుకు చేతి సైగలిచ్చి బరువులు ఎక్కించేవాడు అతను. అతని చేతిలో పడగానే అది ఆగకుండా కూయసాగింది. తెరపై అంకె పదింతలయింది. బెంచీలు కిర్రుమన్నాయి. పక్కవాళ్లు లేచి గోడకు ఆనుకున్నారు.

"ఓలమ్మో! ఇదేటి, ఇలాగరుస్తంది?"

"మావా, నిన్న కబ్సా అన్నం తిన్నావా, కరెంటు తిన్నావా?" అని ఒకడు నవ్వించబోయాడు. ఎవరూ నవ్వలేదు.

వాళ్ల ఫోర్‌మన్ ముందుకొచ్చాడు. "ఏటి బాబూ, ప్లాంటులో ఏదైనా లీకయిపోనాదా? పై ఆఫీసుకి సెప్పీమంటారా?"

అప్పుడు చూశాను. రిగ్గర్ మోచేతి మడతలో టేపు వేసిన దూది. పాస్‌పోర్టు పనుందని అతను నిన్న జెడ్డా వెళ్లివచ్చాడు. గుండెను ఫొటో తీయడానికి ఆసుపత్రిలో ఎక్కించే మందు ఒకటుంది. మర్నాటికి దాని శేషం ఎవరికీ హాని చేయదు, కానీ మీటరుకు దొరుకుతుంది. ఈ రెండు ముక్కలు చెబితే గదిలో భయం పోతుంది. రిగ్గర్ గుండె జబ్బు మాత్రం ఫోర్‌మన్ చెవిన పడుతుంది. అన్‌ఫిట్ అని రాశారంటే, ఆపై ఫైనల్ ఎగ్జిట్టే, మళ్లీ రాకుండా ఇంటికి పంపేస్తారు.

అతను చొక్కా చేయి మెల్లగా కిందికి లాక్కొని నా వైపు చూశాడు. నేను మీటరు అందుకొని ఆపేశాను.

"మీటరు చెడిపోయింది" అన్నాను.

గోడ దగ్గరి నుంచి ఒక గొంతు లేచింది. "రేపు మా ఊరిలో కట్టినాక అక్కడ మిసను అరిసినా ఇలాగే సెబుతారు కదా బాబూ?"

నా దగ్గర జవాబు ఉంది. మీటరు జేబులో వేసుకొని బయటికి నడిచాను. సాయంత్రం క్యాంపు ఆవరణంతా ఫోన్లే. "ఒప్పుకోకండి, సంతకాలెట్టకండి" అన్న మాటే అన్ని మూలల నుంచీ వినిపించింది. సహాధ్యాయికి ఏమి చెప్పాలో తెలియక ఫోను ఆపేశాను.

నీళ్ల ట్యాంకు వెనుక రిగ్గర్‌ను పట్టుకున్నాను. "గుండె రిపోర్టు వచ్చేదాకా క్రేను దగ్గరికి వెళ్లకు. సైగ మధ్యలో నువ్వు కూలితే, బరువు కిందున్నవాళ్ల మీద పడుతుంది. నడుము పట్టేసిందని చెప్పు."

"నడుమంటే క్లినిక్కుకి తోలేస్తారు బాబూ. అక్కడ గుండె సూడకుండా వొదల్తారా? సోమారం రిపోర్టొచ్చీస్తాది. రేపు సెలవే, ఆదోరం ఒక్క రోజే కదా."

ఆదివారం ఉదయం నాకు అక్కడ పని లేకపోయినా క్రేను దగ్గరికి వెళ్లాను. నిలువెత్తు పైపు గాలిలో తేలుతోంది. దాని కింద ఫిట్టర్లు హెల్మెట్లు సర్దుకుంటున్నారు. వాళ్లలో శుక్రవారం నన్ను ప్రశ్నించినవాడూ ఉన్నాడు. రిగ్గర్ చేయి పైకి లేచింది. ఆ చేయి దిగేదాకా నేను చూపు తిప్పలేదు. ఆ చేతిని కొలిచే మీటరు నా దగ్గర లేదు. పైపు దిగింది. రెండో పైపుకు గొలుసు తగిలించారు.