తిరగని కారుకు ఆయిల్ మార్పు

అది 2008 ఎండాకాలం. గోదావరిఖనిలో నేను మెకానిక్ షాపు పెట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. షాపంటే పెద్ద హంగేమీ కాదు. పైన రేకులు, కింద కారు నిలబెట్టి పని చేసుకోవడానికి ఒక గుంత, గోడకు పానాల వరస. పొద్దున తుడిచిన బానెట్ మీద మధ్యాహ్నానికల్లా వేలితో పేరు రాయొచ్చు, అంత బొగ్గు దుమ్ము. ఆ రోజుల్లోనే గని కార్మికులు ఒక్కొక్కరుగా కొత్త కార్లు కొనడం మొదలైంది. కారు కొన్న ప్రతివాడూ చాయ్ తాగుతూ నన్నడిగేది ఒకటే ప్రశ్న, ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలని. నేను కూడా తడుముకోకుండా ఇన్ని కిలోమీటర్లకు అని చెప్పి పంపేసేవాణ్ణి. ఓదెలు కాక కారు వచ్చేదాకా నా జవాబు అదే.

ఓదెలు కాక అండర్‌గ్రౌండ్ గనిలో పంపు ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. గని లోపల ఊట నీళ్లు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. ఒక పంపు ఆ నీటిని తోడుతుంటే, పక్కనే ఇంకో పంపును సిద్ధంగా ఉంచుతారు. దాన్ని స్టాండ్‌బై అంటారు. నడిచే పంపు ఆగిపోతే ఇది అందుకోవాలి, లేకపోతే కింద పనిచేసేవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది. అందుకని షిఫ్టు మారినప్పుడల్లా దాన్ని కాసేపు నడిపి చూసి ఆపుతారు. కాక ఉద్యోగమంతా ఆ పనిలోనే గడిచింది. ఆయన షిఫ్టులో స్టాండ్‌బై పంపు మొరాయించిన రోజు లేదని తోటివాళ్లు చెప్పుకునేవారు.

ఆయన భార్య మల్లక్కను నేను చిన్నమ్మ అని పిలుస్తాను. ఆమెకు గుండె జబ్బు. ఒకసారి నొప్పి వచ్చినప్పుడు బండి దొరికేసరికి ఆలస్యమైంది. ఇంకాస్త ముందు తీసుకురావాల్సిందని కరీంనగర్‌లో డాక్టరు అన్నాడట. ఆ మాట కాక మనసులో ముల్లులా దిగింది. రిటైరైన డబ్బుల్లోంచి చిన్న పెట్రోలు కారు కొని వాకిట్లో పెట్టాడు. పక్కింటి సమ్మయ్య ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. అవసరం పడితే కారు తోలడానికి అతన్ని ఒప్పించుకున్నాడు. కాకకు లైసెన్సు ఉంది, గ్రౌండులో గుండ్రంగా తిప్పడం వచ్చు. రోడ్డంటే మాత్రం భయం.

ఆ కారును ఏడాదిన్నర తర్వాత సమ్మయ్య నా షాపుకు తీసుకొచ్చాడు. కాక పక్క సీట్లోంచి దిగి, ఇంజన్ టక్‌టక్‌మంటోందని, డాష్‌బోర్డు మీద ఆయిల్ ఎర్ర లైటు వెలిగి ఆరుతోందని చెప్పాడు. లోపలికి తొంగి చూస్తే మీటరు మీద కిలోమీటర్లు ఎంత తక్కువంటే, మన ఊళ్లో పాలవాడి సైకిల్ అంతకంటే ఎక్కువ తిరిగి ఉంటుంది. ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగితే కాకకు కోపమొచ్చింది.

"తిరుగని బండికి ఆయిల్ ఎందుకు మారుస్తరు రఫీ? నువ్వే చూడు, ఒక్క చుక్క తాగలే. ఇంకింత పెరిగింది."

ఇంజన్‌లో ఆయిల్ ఎంతుందో చూసే సన్నటి పుల్లను డిప్‌స్టిక్ అంటారు. దాన్ని బయటికి లాగి చూసి, నమ్మలేక తుడిచి మళ్లీ పెట్టి చూశాను. కాక చెప్పింది నిజమే, ఆయిల్ పై గీత దాటి ఉంది. ఆయిల్ తగ్గిన ఇంజన్లు వందల కొద్దీ చూశాను. దానంతట అది పెరిగిన ఇంజన్ అదే మొదటిది. వేళ్ల మధ్య రుద్దితే జిగురే లేదు. ముక్కు దగ్గర పెడితే పెట్రోలు వాసన గుప్పుమంది. పైన ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే దాని అడుగున పెరుగు మీగడలా తెల్లగా ఏదో పేరుకుని ఉంది.

రోజూ కారును ఏం చేస్తున్నావు కాకా అని అడిగాను. ఆయన దాపరికం లేకుండా, కొంచెం గర్వంగానే చెప్పాడు. షిఫ్టు సైరన్ మోగినప్పుడల్లా స్టార్ట్ చేస్తాడు. కాసేపు నడవనిచ్చి ఆపుతాడు, మీద గుడ్డ కప్పుతాడు. మూడు షిఫ్టులకు మూడుసార్లు, ఒక్క రోజు కూడా నాగా లేదు. రాత్రి షిఫ్టు సైరన్‌కు కూడా లేస్తాడని, వాడకట్టంతా తిట్టుకుంటుందని సమ్మయ్య పక్కనుంచి అందుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. మరుక్షణమే ఆ నవ్వు ఆగిపోయింది. ఆ మనిషి గనిలో నేర్చుకున్న పనిని భార్య ప్రాణం కోసం వాకిట్లో చేస్తున్నాడు. కానీ ఆ పనే ఇంజన్‌ను లోపల్లోపల తినేస్తోంది.

కాకకు నేను చెప్పింది ఏమిటంటే, చల్లగా ఉన్న పెట్రోలు ఇంజన్ స్టార్ట్ అయినప్పుడు కాస్త పెట్రోలు కాలకుండా కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. లోపల తడి కూడా పడుతుంది. కారు దూరం పోతే ఇంజన్ బాగా వేడెక్కి ఆ రెండూ ఆవిరైపోతాయి. వేడెక్కకముందే ఆపేస్తే అక్కడే ఉండిపోతాయి. రోజుకు మూడుసార్లు అలా జరిగితే ఆయిల్ పల్చబడుతుంది, మడ్డి పడుతుంది. దాన్ని స్లడ్జ్ అంటాం. అందుకే కంపెనీవాళ్లు కిలోమీటర్లు కానీ నెలలు కానీ, ఏది ముందైతే అప్పుడు మార్చమంటారు. నెలల మాట మన దగ్గర ఎవరూ పట్టించుకోరు.

కాక అంతా విని బానెట్ మీద చెయ్యి వేశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఇంజన్ పోయిందా? పోతే ఆమెను ఎట్ల తీస్కపోవాలె?"

నాకు తెలియదనే చెప్పాను. విప్పితే గానీ తెలియదు.

ఆయిల్ వదిలితే నీళ్లలా బొళబొళా పడింది. ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టిని, అంటే సంపును విప్పాను. ఆయిల్ పీల్చే జల్లెడ సగానికి పైగా మడ్డితో మూసుకుపోయి ఉంది. అంతా కడిగి, బిగించి, కొత్త ఫిల్టర్ వేసి, కొత్త ఆయిల్ పోశాను. తాళం తిప్పాను. టక్‌టక్ మొదట గట్టిగానే వినిపించింది. ఎర్ర లైటు ఆరింది. ఆ తర్వాత చప్పుడు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చి, ఉన్నట్టుండి మాయమైంది. ఇనుముకూ ఇనుముకూ మధ్య వెంట్రుక మందం కూడా లేని ఆయిల్ పొర, అదే అంత బరువును మోస్తుంది. చిన్నప్పటినుంచీ ఆయిల్‌లో చేతులు పెట్టి బతుకుతున్నవాణ్ణి, ఆ రోజు దానికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

కొన్ని రోజులు నడిపాక మళ్లీ ఒకసారి ఆయిల్ మార్చాలని చెప్పాను. సైరన్‌కు స్టార్ట్ చెయ్యడం మానేసి, వారానికి ఒకసారైనా గోదావరి దాటి మంచిర్యాల దాకా పోయి రమ్మన్నాను. సమ్మయ్య తోలుతాడని కాక అన్నాడు. నాకు డ్యూటీ ఉండదా కాకా అని సమ్మయ్య తప్పించుకున్నాడు. చివరికి కాకే తోలాల్సి వచ్చింది, మొదటి రెండు వారాలు నేనే పక్కన కూర్చున్నాను.

చిన్నమ్మ వెనక సీట్లో కూర్చుంది. కారు కొన్నప్పుడు పూజ చేయించిన రోజు తర్వాత ఆమె ఆ కారెక్కడం అదే మొదలు. కాక చెమటలు కారుతుండగా స్టీరింగును రెండు చేతులా పట్టుకుని పోనిచ్చాడు. వెనక లారీల హారన్ల మోత. సైకిళ్లు కూడా మనల్ని దాటిపోతున్నాయని చిన్నమ్మ ఆటపట్టించింది. బ్రిడ్జి ఎక్కాక ఆమె చూపంతా నది మీదికి పోయింది. ఇన్నేళ్లూ ఆ నదిని కిక్కిరిసిన బస్సులో జనం భుజాల మీదుగానే చూసింది. ఇప్పుడు అద్దం దించి చెయ్యి బయట పెట్టి, ఇసుక మేటలనూ మధ్యలో మెరిసే నీళ్లనూ చూస్తూ కూర్చుంది.

అప్పటినుంచి ఆరు నెలలకోసారి ఆయిల్ మార్పుకు కాకే కారు తోలుకుని వచ్చేవాడు. ఆయిల్ ఇక పల్చబడలేదు, పెరగలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో ఒక బందు నాడు చిన్నమ్మకు మళ్లీ నొప్పి వచ్చింది. ఆటోలు లేవు, బస్సుల్లేవు. అంబులెన్సు వేరే కేసు మీద పోయింది. సమ్మయ్య ఊళ్లో లేడు. కాక ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి కరీంనగర్ బయల్దేరాడు. చౌరస్తాల్లో రాళ్లు అడ్డం పెట్టి కూర్చున్న పిల్లలు లోపలికి తొంగి చూసి, వాళ్లే రాళ్లు పక్కకు జరిపారట. సమయానికి చేరాడు, చిన్నమ్మ బతికింది.

ఆమె కోలుకున్నాక కాక షాపుకు వచ్చి ఇదంతా చెప్పాడు. నేను డిప్‌స్టిక్ తుడుస్తూ, ఇంజన్ మాట నిలబెట్టుకుందని అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"బండి స్టార్టయితదని నాకు ఎప్పుడూ ఎరికేనే రఫీ. తోలేటోడు లేడన్న సంగతే మర్శిన. నువ్వు మంచిర్యాల పోయి రమ్మనకపోతే, ఆ దినం బండి వాకిట్ల నడుసుకుంటనే ఉండేది, ఆమె ఇంట్ల పాణమిడిశేది."

అన్నాళ్లూ నేను ఒక ఇంజన్‌ను బతికించానని మురిసిపోతున్నాను. పక్క సీట్లో కూర్చున్నప్పుడు నా ధ్యాసంతా ఇంజన్ వేడి చూపే ముల్లు మీదే ఉండేది. ఆ పక్కనే ఒక మనిషి భయం పోగొట్టుకుంటున్నాడని నాకు తట్టనే లేదు. ఎంత పెద్ద పని ఎంత చప్పుడు లేకుండా జరిగిపోయిందో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

కొత్త కారుకు ఆయిల్ ఎప్పుడు మార్చాలని ఇప్పటికీ అడుగుతుంటారు. కిలోమీటర్లు చూడండి, తిరగకపోయినా నెలలు లెక్కపెట్టండి అని చెబుతాను. అంతకంటే ముందు ఒక మాట అడుగుతాను, ఇంట్లో ఈ బండి తోలేది ఎవరు, వాళ్లు చివరిసారి ఎప్పుడు తోలారు అని.