నిండు నీళ్ల మీద అమ్మ వాకిలి

అమ్మ కళ్ల నరాలు ఎండిపోతున్నాయనీ, వచ్చే వేసవి దాకా చూపు నిలవడం కష్టమనీ నెల్లూరు డాక్టరు చెప్పిన రోజే అమ్మ ఒక్క కోరిక కోరింది. సోమశిల నీళ్లలో మునిగిపోయిన తన పుట్టినూరిని ఒకసారి చూడాలట. నేనేదో తెలివిగలదాన్ననుకుని, జలాశయం నిండిందన్న వార్త చదివి, పడవ ప్రయాణానికి ఇంతకన్నా మంచి అదను దొరకదని కార్తీకంలో బయల్దేరదీశాను. అదెంత మొద్దు తెలివో మీకే తెలుస్తుంది.

ఉదయగిరిలో ఆరింటికి బస్సెక్కి, దుత్తలూరు మీదుగా వింజమూరు చేరి, అక్కడ బస్సు మారి తొమ్మిదిన్నరకి ఆత్మకూరులో దిగాం. ఇడ్లీ తిని సోమశిలకి ఆటో మాట్లాడుకున్నాం. మేం తిరిగొచ్చేదాకా ఆగేటట్టు రానూపోనూ వెయ్యి రూపాయలు. మబ్బు పట్టి ఉంది.

పడవ పెంచలయ్యది. చేపలు పట్టి బతికే మనిషి, తెలిసినవాళ్ల ద్వారా ముందురోజే ఫోన్లో మాట్లాడుకున్నాం. రెండు గంటలకి పదిహేను వందలు. మనకోసమే మాట్లాడుకున్న పడవ అనగానే మెత్తటి సీట్లూ పాటలూ ఊహించుకోకండి. కూర్చోడానికి అడ్డపలక, వలల వాసన, లైఫ్ జాకెట్లు. ఎండకైనా వానకైనా మీ గొడుగే దిక్కు. బాత్రూం సంగతి ఒడ్డునే చూసుకోవాలి. ముందే చెబితే పెంచలయ్య భార్య అన్నం, చేపల పులుసు క్యారియర్లో పెట్టిస్తుంది. అబ్బ, ఆ పులుసు వాసన! తినే మనసే మాకు లేకపోయింది.

"ఇంక పోదామా?" అన్నాను, ఎక్కి కూర్చోగానే. పెంచలయ్య ఇంజను తాడు మీంచి చెయ్యి తీసేశాడు.

"నీళ్ల మీద ఆ మాట అనగూడదు మేడం. పోయొద్దాం అనాల. పెద్దామె అంటే ఇంకా మంచిది."

"పోయొద్దాం నాయనా," అంది అమ్మ. అప్పుడు గానీ ఇంజను మోగలేదు.

అరగంట పోయాక అమ్మ తన ఊరి పేరు చెప్పింది. పెంచలయ్య నావైపు చూసిన చూపులో జాలి కంటే కోపమే ఎక్కువ.

"ఇప్పుడేం కనపడతాది మేడం? ఎండాకాలం రావాల. నీళ్లు తగ్గితే మొండిగోడలు, బాయి గట్టు అన్నీ తేల్తాయి. ఇప్పుడు వాటి మీద రెండు తాటిచెట్ల లోతు నీళ్లుండాయి. ఫోన్లో ఒక్క మాట అడగబళ్లా?"

ఎండాకాలం! ఆ ఎండాకాలానికేగా అమ్మకి చూపుండనిది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

"ఊరుకోమే, ఏడవబాక. కొండలు కనపడతా ఉండాయి గదా," అంది అమ్మ, కళ్లు చికిలించి. "మా వాకిట్లో నిలబడితే ఆ రెండు కొండల సందు నట్టనడుమ కనపడేది. కొంచెం ఎడంపక్కకి పోనీ నాయనా. ఇంకొంచెం. ఆ, ఆపు."

ఇంజను ఆగింది. చుట్టూ బూడిదరంగు నీళ్లు తప్ప ఏమీ లేదు. అమ్మ పడవ అంచు మీంచి వంగి నీళ్లలో చెయ్యి పెట్టింది.

"ఇదేనే మా వాకిలి. ఊడ్చి ముగ్గేసినాక కోళ్లొచ్చి తొక్కితే మా అవ్వ ఈడ నిలబడే తిట్టేది."

అవ్వ తిట్లు కూడా అమ్మ వరసగా అప్పజెప్పింది. పెంచలయ్య నవ్వాడు, నేనూ నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను.

పావుగంటకి తుంపర మొదలైంది. పెంచలయ్య తాడు లాగబోతుంటే అమ్మ నీళ్లకి దణ్ణం పెట్టి, "పోతా," అంది. పోయొస్తానని అనలేదు. పెంచలయ్య సరిదిద్దుతాడేమోనని చూశాను. అతను తలపాగా తీసి మొహం తుడుచుకుని, తాడు లాగాడు.

ఇంటికొచ్చాక అమ్మ అందరికీ ఊరు చూశానని చెబుతోంది. అబద్ధమని నేను అనలేను. నేను చూసింది నీళ్లే, ఆమె చూసింది వాకిలే. వేసవిలో మళ్లీ తీసుకెళ్తానంటే, చూసొచ్చేశాగా అంటోంది. చూపు లేకపోయినా అప్పుడు ఆ మొండిగోడల్ని చేత్తో తడిమే భాగ్యం నా తొందరపాటు వల్లే పోయిందన్న బాధ మాత్రం పోవడం లేదు. మీరెవరైనా మునిగిన ఊరు చూపించడానికి పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే, పడవ మనిషిని రేటు కంటే ముందు నీటిమట్టం అడగండి. నిండుగా ఉందంటే వేసవి దాకా ఆగండి, ఆగే వీలుంటే.