తొలి గుడ్డు

డాబా మీద పెంచుకుంటున్న కోడిపెట్టలు ఎప్పుడు గుడ్లకొస్తాయి పిన్నీ అని మొన్న పక్కింటి కోడలు అడిగితే, నెత్తి మీద తురాయి ఎర్రబడ్డాక ఇంక ఎంతో కాలం పట్టదమ్మా అని చెప్పి, ఆ మాట ఒకప్పుడు ఎవరి నోట విన్నానో గుర్తొచ్చి, ఆరేసిన బట్టలు తీయకుండానే కిందికి దిగి వచ్చేశాను.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం మా ఊరు ఖాళీ చేసినప్పుడు నాకు పదేళ్లుంటాయి. గాజువాక అవతల ఇచ్చిన స్థలంలో, ఒక్క చెట్టయినా లేని ఎర్రమట్టి మీద రేకుల ఇల్లు వేసుకున్నాం. సామానంతా బండి మీద వస్తే, మా నాయనమ్మ మాత్రం ఇంకా గుడ్డుకు రాని మూడు పెట్టల్ని గంపలో పెట్టి నెత్తిన మోసుకుంటూ నడిచి వచ్చింది. పొలం పోయింది, పశువుల్ని అమ్మేశాం, ఆవిడ చేతికి మిగిలిన పని అవే. పగిలిన కుండలో గడ్డి పరిచి, మూల చీకటిగా ఉండాలని గోనెపట్టా అడ్డం కట్టి, తొలి గుడ్డు పడితే గాని ఇది మనిల్లు అవదని అమ్మతో అంటూ ఉండేది.

తురాయిలు ఎర్రబడ్డాయి, ఇంక ఎంతో కాలం పట్టదంది నాయనమ్మ. పెట్టలు గొణుక్కుంటూ మూలమూలలా వెతికేవి, అంతలో ఎక్కడో కొండను పేల్చిన మోతకి బెదిరి చెదిరిపోయేవి. మా ఈడువాళ్లకి ఆ మోత గుర్తుండే ఉంటుంది, గిన్నెలు కూడా అదిరేవి. వారాలు గడిచినా కుండ ఖాళీగానే ఉండేది. ఊళ్లో నలుగురికి పని చెప్పిన మా నాన్న, ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తుందన్న ఆశ పట్టుకుని, అందాకా మట్టి పనికి కూలీగా వెళ్లేవాడు.

ఒక ఆదివారం, నాన్న ఉద్యోగం సంగతి పైవాళ్లతో మాట్లాడతానన్న మేస్త్రి భోజనానికి వస్తానంటే, నాయనమ్మ కుళాయి దగ్గర వరసలో ఉన్న సమయంలో నాన్న బలిసిన పెట్టను కోసేశాడు. గుడ్డెట్టనిది ఎందుకేటి అని అమ్మతో అన్నాడు. అమ్మ దాని పొట్ట చీల్చి, చెయ్యి పెట్టి, అలాగే ఆగిపోయింది. లోపల పెంకు గట్టిపడిన గుడ్డు, దాని వెనక పెద్దవి మొదలుకొని ఆవగింజంత వాటి దాకా పచ్చసొనల గుత్తి.

నాయనమ్మ బిందె దించి చూసింది. ఆ గుడ్డును కొంగుతో తుడిచి అరచేతిలో పెట్టుకుంది.

"రేపెట్టేసునురా ఇది. ఒక్క రోజు ఆగనేకపోనావా?"

"నాకేటి తెలుసమ్మా," అన్నాడు నాన్న, తలెత్తకుండా.

మేస్త్రి వచ్చాడు, కూర బాగుందన్నాడు, చెయ్యి కడుక్కుని వెళ్లాడు, మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. నాయనమ్మ మిగిలిన పెట్టల్ని అడిగినవాళ్లకి ఇచ్చేసి, ఆ తర్వాత ఇంట్లో ఏ పనికీ చెయ్యి కలపలేదు. పాత ఊరి వైపు తిరిగి గోడకానుకుని కూర్చునేది, కొన్నాళ్లకి అలాగే పోయింది. నాన్నకి ఆ ఉద్యోగం రానే లేదు, ఒళ్లు సహకరించినన్నాళ్లూ కూలికే వెళ్లాడు.

ఇప్పుడు మా కాలనీలో అన్నీ మేడలే. పిల్లలు తమది గాజువాక అని చెప్పుకుంటారు, పుట్టిందిక్కడే కనక తప్పు పట్టలేను. ఆ పాత ఊరు ఎరిగినవాళ్లం ఇద్దరు ముగ్గురం మిగిలాం. ఎప్పుడైనా కలిసి ఎవరిల్లు ఏ వీధిలో ఉండేదో చెప్పుకోబోతే మాకే మాట కలవడం లేదు, కాదు ఇదుగో ఇక్కడ అని చూపించడానికి అక్కడ ఊరి ఆనవాలేమీ మిగల్లేదు.