మాడు మీది అరచెయ్యి

మొన్న, నెలల పిల్లవాడైన మా మనవడికి జ్వరం వస్తే, రాయపూర్‌లో తెలీబంధా చెరువు దగ్గరి పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళి మా వంతు కోసం కూర్చున్నప్పుడు, ఎదుటి గోడమీద హిందీలో రాసిన పెద్ద పటం ఒకటి కనబడింది. జ్వరంతో ఉన్న పసిబిడ్డ పాలు మానేసినా, లేపితే లేవకపోయినా, ఏడుపు కీచుగా మారినా, నడినెత్తి ఉబ్బినా వెంటనే తీసుకురమ్మని బొమ్మలు వేసి మరీ చెప్పారు. ఆ నడినెత్తి బొమ్మ దగ్గర నా చూపు ఆగిపోయింది.

నాకు ఇదే ఊళ్ళో రైల్వేలో గుమస్తా ఉద్యోగం వచ్చి, అక్కా బావల ఇంట్లో ఉంటున్న కొత్త రోజులవి. గూడ్సు బండి గార్డయిన మా బావ, అక్కను విజయనగరం నుంచి రాయపూర్‌కు కాపురానికి తెచ్చుకున్నాడు గాని, వారంలో సగం రోజులు లైను మీదే ఉండేవాడు. అక్కకు హిందీ రాదు. కొళాయి దగ్గర ఆడవాళ్ళతో చేతులతోనే మాట్లాడేది, వాళ్ళు నవ్వితే తనూ నవ్వేది. నెలల వయసున్న తన కూతురికి స్నానానికి ముందు మాడుకు ఆముదం అద్దడం మాత్రం ఏనాడూ మానలేదు. మెత్తగా, కాస్త లోతుగా ఉండే ఆ చోటు ఆమె అరచేతికి అంత బాగా తెలుసు.

ఆ వేసవిలో పిల్లకు జ్వరం వచ్చింది. నేను ఆఫీసు నుంచి రాగానే, "మాడు ఉబ్బిపోనాదిరా తమ్ముడా, చెయ్యెడితే గట్టిగా తగుల్తంది. ఆ ఏడుపు ఇను, మన పిల్ల ఏడుపేనా అది?" అంది. ఎత్తుకుంటే ఊరుకునే పిల్ల, ఎత్తుకుంటే మరీ ఏడుస్తోంది.

బజారులోని డాక్టరు మంచివాడే. గది నిండా జ్వరాల పిల్లలే. అక్క చెప్పినదంతా ఒక్క మాట పోకుండా హిందీలో చెప్పాను. ఆయన పిల్ల నెత్తిమీద చెయ్యి వేసి, జిడ్డు తగలగానే తీసేసి, రుమాలుకు తుడుచుకుంటూ, "అరే, ఇత్‌నా తేల్! మద్రాసీ లోగ్ బచ్చీ కో పకోడా సమఝ్‌తే హైం క్యా?" అన్నాడు. ఇంత నూనా, మద్రాసీలు పిల్లను పకోడీ అనుకుంటారా అన్న ఆ మాటకు బెంచీమీది వాళ్ళంతా నవ్వారు.

"ఏటన్నాడ్రా?" అంది అక్క.

నూనె తగ్గించమన్నాడని చెప్పాను.

"నూని సంగతి కాదురా, మాడు సంగతి సెప్పు. మళ్ళీ సెప్పు."

మళ్ళీ చెప్పాను. ఆయన అప్పటికే ఇంకొక పిల్లవాడి నాలుక చూస్తున్నాడు. చేతికిచ్చిన మందు సీసాతో ఇంటికొచ్చాం. రోజూ డైరీ రాసే అలవాటు కొద్దీ ఆనాడు కూడా, పిల్లకు జ్వరమనీ మందు తెచ్చామనీ రాసి పెట్టాను. అంతకు మించి చేయడానికి నాకేమీ తోచలేదు.

తెల్లారేసరికి ఫిట్సు వచ్చాయి. పెద్దాసుపత్రిలో వెన్నులో సూది గుచ్చి నీరు తీసి, మెదడు పొరలకు చీము పట్టిందన్నారు. బావకు కబురు అందేలోగా అక్క ఆ వరండాలో ఎవరిని ఏమడగాలో తెలియక, కనబడిన ప్రతి తెల్లకోటు వాడికీ దణ్ణం పెట్టింది. పిల్ల బతికింది. ఇంటికొచ్చాక కొన్నాళ్ళకు ఇత్తడి బిందె చేజారి పెద్ద చప్పుడుతో పడితే, మేమంతా ఉలిక్కిపడ్డాం. పిల్ల తల తిప్పలేదు.

అక్క పోయి చాలా కాలమైంది. ఆమె అరచెయ్యి చెప్పిన మాటనే ఇప్పుడు హిందీలో అచ్చువేసి గోడకు తగిలించారు. ఎవరూ నవ్వడం లేదు, నిలబడి చదువుతున్నారు. నాకు తోడు వచ్చిన ఆనాటి పిల్ల, నా మేనకోడలు మాత్రం పటం వైపు చూడనే లేదు. మనవడి ఏడుపు ఆమెకు వినబడదు. వాణ్ణి ఒళ్ళోకి తీసుకుని, వాళ్ళమ్మ నేర్పినట్టే, మాడు మీద అరచెయ్యి ఆనించి, మా వంతు వచ్చేదాకా తియ్యలేదు.