శాంతిని ఎడమ చెయ్యి

పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పాక, శాంతినికి అందరూ చెప్పిన మాట ఒకటే: ఇక ఆ పాత టేప్‌రికార్డర్లు వదిలెయ్యమని. హౌగాంగ్ పేటలోని వాళ్ల ఫ్లాటులో చిన్నగది నిండా అవే. పెద్ద రీళ్లు తిరిగే, ఎత్తబోతే నడుం పట్టేసే పాతకాలపు మిషన్లు. పెళ్లయి సరిహద్దు అవతలి పేరాక్ రాష్ట్రం నుంచి వచ్చిన కొత్తలో ఆమె ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చేరి పని నేర్చుకుంది. అది మూతపడ్డాక ఇంట్లోనే ఈ మిషన్లు బాగుచేస్తూ వచ్చింది.

భర్త యోగేశ్వరన్ ఒకరోజు ఆమె చేతికి నూనె రాస్తూ అన్నాడు.

"కరంగ్ గునీ వాణ్ణి పిలుస్తాను. పాత సామాన్లన్నీ పట్టుకుపోతాడు. నువ్వు కాస్త రెస్ట్ తీసుకో."

"పిలవండి. ముందు నన్ను పట్టుకుపొమ్మనండి," అంది శాంతిని.



అప్పట్నుంచి ఎడమచేతికి చదువు మొదలైంది. పనికిరాని సర్క్యూట్ బోర్డు ముందేసుకుని సోల్డరింగ్ ఐరన్ పట్టేది. తీగ అతకదు. అతికితే పక్కదానికీ అంటుకుంటుంది. వేళ్లు కాలాయి. కాలిన వేలు కుళాయి కింద పెట్టి, మళ్లీ వచ్చి కూర్చునేది. కుడిచేతినీ ఊరికే వదల్లేదు. బోర్డు కదలకుండా దాన్ని బరువుగా వేసి ఉంచేది.

తీగలు ఒక దారికి వస్తున్న రోజుల్లో, పాసిర్ రిస్ పేట నుంచి పాత పరిచయమున్న తారాదేవి ఆంటీ టాక్సీలో ఒక మిషను వేసుకొచ్చింది. ఆమెదీ పేరాకే. అక్కడి రబ్బరుతోటలో జరిగిన తన పెళ్లిలో ఎవరో రికార్డు చేసిన రీలు ఉంది. అది వినాలని కోరిక. శాంతిని చెయ్యి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో, నాకు తెలీదమ్మా. ఇంకెవరికైనా ఇస్తాలే."

"ఇక్కడే పెట్టండి ఆంటీ. కాస్త ఆలస్యమవుద్ది, అంతే."

విప్పి చూస్తే లోపలి రబ్బరు బెల్టు కరిగి, తారులా చక్రాలకు పట్టేసి ఉంది. స్పిరిట్‌తో తుడిచి తుడిచి వదిలించింది. కొత్త బెల్టు ఎక్కించడమే గండమైంది. ఒక పక్కను బట్టల క్లిప్పుతో చక్రానికి బిగించి, రెండో పక్కను ఎడమచేత్తో లాగింది. జారింది. మళ్లీ లాగింది. మళ్లీ జారింది.

"నేను పట్టుకోనా?" అంటూ యోగేశ్వరన్ చెయ్యి చాచాడు.

"వద్దు. మీరు లైటు పట్టుకోండి."

ఆయన లైటు పట్టుకున్నాడు. చాలాసేపటికి బెల్టు కూర్చుంది.

కబురందుకుని తారాదేవి వచ్చాక రీలు ఎక్కించారు. ముందు బరబరమని చప్పుడు. ఆ వెనక ఆడవాళ్ల గొంతులు, పెళ్లికొడుకు తల్లిని ఆటపట్టిస్తూ పాట. తారాదేవి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని యోగేశ్వరన్ కంగారుపడ్డాడు. ఆమె నవ్వుతోంది.

"ఈ పాటకే మా అత్త అలిగింది. ఆ పూట అన్నం ముట్టలేదు. ఎంతమంది బతిమాలారో."

శాంతిని నవ్వలేదు. మిషనుకు చెవి ఆనించి వింటోంది. పాట మధ్యమధ్యలో సాగిపోయి శ్రుతి తప్పుతోంది.

"టేపును నొక్కిపట్టే రబ్బరు చక్రం గట్టిపడిపోయింది. అదీ మార్చాలి. ఇంకొన్నాళ్లు ఉంచండి ఆంటీ."

"బాగానే వినబడుతోంది కదమ్మా. చాలులే."

"మీ అత్తగారిని తిట్టినా శ్రుతిలో తిట్టాలి కదా," అని శాంతిని మిషను ఆపి, ఎడమచేత్తో స్క్రూడ్రైవరు అందుకుంది.