దొనకొండ రన్‌వే మీద పోలేరమ్మ

ఫిబ్రవరి చివర్లో ఒక శనివారం భజన అయ్యాక శేషగిరి గారు మందిరం మెట్ల మీద నన్ను ఆపి, "పంతులు గారూ, ఉద్వాసన చెప్పే విధానం మీకు వచ్చు కదా?" అని అడిగారు. ఆయన వైమానిక దళంలో విమానాల ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి. నేను బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు గుంటూరులో మా పేట మందిరంలో పురాణం చెబుతుంటాను. ఎవరికి ఉద్వాసన అని అడిగితే, చుట్టూ ఒకసారి చూసుకుని చెప్పారు.

"యుద్ధం రోజుల్లో దొనకొండలో తెల్లవాళ్లు విమానాశ్రయం కట్టారు కదా. మా నాన్న అక్కడ మేస్త్రీ. రన్‌వే వేసే దారిలో పోలేరమ్మ రాయి అడ్డొచ్చింది. కాంట్రాక్టరు తొందరపెడుతున్నాడని, కొబ్బరికాయైనా కొట్టకుండా దాని మీదే కంకర పోయించాడు. చనిపోయేదాకా నాన్నకి అదే బెంగ. 'నువ్వైనా వెళ్లి అమ్మకి చెప్పుకోరా' అని నా చెయ్యి పట్టుకుని పోయాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సెలవు లేదనుకున్నాను. తర్వాత వెళ్లడానికి భయమేసింది. వచ్చే నెల నాకు గుండె ఆపరేషన్. ఆయన కోరిక తీర్చకుండా ఆ బల్ల ఎక్కలేనండీ."

ఒక దేవతా మూర్తిని కదిలించాలన్నా, కప్పెట్టాలన్నా ముందు ఉద్వాసన చెప్పాలి. అంటే, తల్లీ, ఇక్కణ్ణుంచి దయచేయమని వేడుకోవాలి. చెప్పకపోతే ఆ అపరాధం ఆ పని చేసినవాడిని అంటుకుంటుంది. చిన్నప్పటి నుంచి నేను విన్నదీ, నలుగురికీ చెప్పినదీ ఇదే. ఆలస్యమైనా సరే, వెళ్లి చెప్పి వద్దామన్నాను.

అమ్మవారికి ఇష్టమైన మంగళవారం చూసుకుని, ఉదయం నంద్యాల వైపు వెళ్లే రైలెక్కాం. టికెట్లు అప్పటికప్పుడు కౌంటర్లో తీసుకున్నవే. నరసరావుపేట దాకా నిలబడటానికి కూడా చోటు లేదు. అక్కడ సగం బోగీ దిగిపోయాక కిటికీ పక్క సీట్లు దొరికాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర విప్పాం. దారి పొడవునా మిరప కోతలే. ఏరడం అయిపోయిన పత్తి చేలల్లో కట్టె మిగిలి, గొర్రెలు మేస్తున్నాయి.

వినుకొండ దాటాక శేషగిరి గారు ఆ స్థావరం సంగతి చెప్పుకొచ్చారు. విశాఖ మీద జపాన్ వాళ్ల బాంబులు పడ్డాక, సముద్రానికి దూరంగా, లోపలి వైపు విమానాలు దిగే చోట్లు కావలసి వచ్చాయట. దొనకొండకి రైలు ఉంది, నేల చదును, వాన తక్కువ. విమానాలు దిగి, పెట్రోలు పోసుకుని మళ్లీ ఎగిరేవట. "అందరూ స్థావరం అంటే యుద్ధమే అనుకుంటారు. నా సర్వీసులో నేను ఎక్కువసార్లు చూసింది తుఫాన్లకీ వరదలకీ బియ్యం మూటలు ఎక్కించడం," అన్నారు.

ఎదుటి సీట్లో కురిచేడు రైతు ఒకాయన ఇదంతా వింటున్నాడు. "మళ్లీ విమానాలు దింపుతారంటగా సార్?" అన్నాడు. "దింపుతారు దింపుతారు అంటానే మా వాడికి పెళ్లయింది, వాడి కూతురు కూడా బళ్లోకి పోతాంది!" బోగీలో నవ్వులు.

పదిన్నరకి దొనకొండలో దిగాం. రానూపోనూ రెండు వందలకి ఆటో మాట్లాడాం. వెళ్లాలనుకునేవాళ్లు స్టేషన్ దగ్గరే మంచినీళ్లు కొనుక్కోండి. అక్కడ నీడా లేదు, నీళ్లూ లేవు.

రన్‌వే నెర్రెలిచ్చింది. నెర్రెల్లో గడ్డి, అంచుల్లో సర్కారు తుమ్మ. అయినా ఆ నేల గట్టితనం ఇంకా పోలేదు. అందుకే చుట్టుపక్కల రైతులు దాన్ని కల్లం చేసుకున్నారు. కంటికి ఆనినంత మేర మిరపకాయలు ఎండబోశారు. ముక్కులకి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు కూర్చుని, రంగు పోయిన తాలు కాయలు వేరుచేస్తున్నారు. మాకు దగ్గడంతోనే సరిపోయింది.

ఆ ఎర్రదనం మధ్య ఒకచోట మంచమంత జాగా వదిలేశారు. తండ్రి చెప్పిన గుర్తులు చూసుకుని శేషగిరి గారు అక్కడే ఆగారు. "ఇదే," అన్నారు. చెప్పులు దూరంగా విడిచి కూర్చున్నాం. కర్పూరం వెలిగించి సంకల్పం మొదలుపెట్టానో లేదో, డెబ్బై దాటిన ఒకావిడ చేట పట్టుకుని గబగబా వచ్చింది. పేరు కోటమ్మ అట.

"ఎవురయ్యా మీరు? ఏంది ఆ మంత్రాలు?"

"ఈ కింద అమ్మవారు ఉందమ్మా. ఆమెను ఇక్కణ్ణుంచి సాగనంపడానికి వచ్చాం," అన్నాను.

"సాగనంపేదా! మా అమ్మను పొమ్మంటానికి నువ్వెవురివి? నీ ఇంటికొచ్చి మీ అమ్మను పొమ్మంటే ఊరుకుంటావా? ఆర్పు ఆ కర్పూరం!"

తాలు కాయలు ఏరే ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఒకామె, "పంతులు మంచి పనికే వచ్చాడే పిన్నీ!" అని ఎత్తిపొడిచింది.

అప్పుడు కోటమ్మ అసలు సంగతి చెప్పింది. విమానాలు పోయిన ఏడాది నుంచి ఆమె అత్త, తర్వాత ఆమె, ఏటా కాయ పరిచే ముందు ఇక్కడ పసుపునీళ్లు చల్లుతారు. మొదటి గంప ఇక్కడే పోసి, మొక్కుకున్నాకే ఎత్తుతారు. చెప్పులతో ఎవరూ ఈ చోటు తొక్కరు. ఒక్క ఏడైనా పూజ తప్పలేదు. అలాంటి చోట ఉద్వాసన పలికి ఉంటే అసలు అపరాధం నాదయ్యేది. నేనే కర్పూరం ఆర్పి, లెంపలు వేసుకున్నాను.

శేషగిరి గారు మాత్రం లేవలేదు. మోకాళ్ల మీదే ఉండి, "అమ్మా, ఈ కంకర పోయించింది మా నాన్నే," అన్నారు. కాంట్రాక్టరు సంగతీ, చివరి మాటా, ఆపరేషన్ సంగతీ అన్నీ చెప్పేశారు.

కోటమ్మ చేట కింద పెట్టింది.

"మా మామ ఉంటే నిన్ను చేటతో కొట్టేవాడు," అంది. "మా ఎకరంన్నర ఇందులోనే పోయింది. చచ్చేదాకా తిట్టుకున్నాడు. అమ్మ మటుకు ఎవుర్నీ ఏమీ అనలా. చుట్టుపక్కల ఏ ఊళ్లో పోలేరమ్మకుందయ్యా ఇంత అరుగు? మీ నాయన తెలవక కట్టాడు, కట్టినోడు కట్టినోడేగా. లే, ఎండ మాడిపోతాంది. ఇదిగో, ఇయ్యాల తెచ్చిన కాయ. నువ్వే పొయ్యి."

ఆయన గంప రెండు చేతులా ఎత్తి ఆ జాగాలో కుమ్మరించారు. ఆ ఘాటుకి తుమ్ములు ఆగలేదు. "మిల్ట్రీ ఆయన మిరపకాయకి ఓడిపోయాడే!" అని ఆడవాళ్లు నవ్వారు. కోటమ్మ మా ఇద్దరికీ బొట్టు పెట్టింది.

బయల్దేరుతుంటే ఆమె ఆయన్ని ఆపింది. "అయ్యా, మళ్లీ విమానాలొస్తే అమ్మనేం చేస్తారు?"

"నేను పనిచేసిన ప్రతి స్థావరంలోనూ గుడి ఉందమ్మా. ఎగరబోయే ముందు దణ్ణం పెట్టుకునేవాళ్లు ఎంతమందో. కానీ ఇక్కడ ఏం చేస్తారో నేను మాట ఇవ్వలేను. అమ్మ ఇక్కడుందని మాత్రం అర్జీ రాస్తాను."

"రాయి. పెద్ద అచ్చరాల్తో రాయి," అంది.

మధ్యాహ్నం రైలుకి వెనక్కి తిరిగాం. స్టేషన్ దగ్గర భోజనం సాదాగా, వేడిగా ఉంది. దొనకొండలో చూడటానికి ఏముందని ఎవరైనా అడిగితే, విమానాలు లేవనే చెబుతాను. తెలిసో తెలియకో తప్పు చేసినవాణ్ణి ఆదుకునే దేవత ఎండలో ఉందని కూడా చెబుతాను. అక్కడ నేర్చుకున్నది మా మందిరంలో చెప్పడానికి నాకు ఇంకా మాటలు కుదరలేదు.

నరసరావుపేటలో ఎక్కిన ఒక పెద్దాయన మా నుదుళ్ల మీది కుంకుమ చూసి, "ఏ గుడికి వెళ్లొస్తున్నారండీ?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే శేషగిరి గారు అన్నారు: "మా నాన్న కట్టిన గుడికండీ."