అత్తయ్య పెరటి చుట్ట

సునామీనాడు అండమాన్‌లో, హోప్ టౌన్‌లోని మా పెరట్లోకి సముద్రం వచ్చి వెళ్లింది. ఉప్పు తిన్న ఆ నేలలో పండిన పొగాకుకు నిప్పు నిలవదని అందరూ అన్నా, మా అత్తయ్య ఏటా నాటుతూనే ఉంది. మంచి చుట్ట కావాలంటే వైజాగ్ ఓడ రావాల్సిందేనని నేనూ అన్నాను.

పోయిన రెండేళ్లూ ఆకు ఆరకముందే బూజు పట్టింది. ఈసారి వంటింట్లో పొయ్యి పైన తాడు కట్టి ఆరబెట్టింది. తర్వాత దొంతరగా పేర్చి, గోనె కప్పి, నెల్లాళ్లు రోజూ పై ఆకు కిందికి, కింది ఆకు పైకి మార్చింది. నేను బడికి కట్టుకెళ్లే చీరలన్నీ పొగాకు వాసనే.

ఈ సాయంత్రం మొదటి చుట్ట వెలిగించి, శ్రీకాకుళం తీరం ఆడవాళ్ల అలవాటు ప్రకారం నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంది. చివరిదాకా ఆరలేదు. పక్కింటి లక్ష్మి గోడ మీంచి తొంగిచూసి, "వైజాగ్ జహాజ్ వచ్చీసిందేటి దీదీ, చుట్ట వాసన వస్తంది?" అని నన్నడిగింది.

అత్తయ్య నోట్లోంచి చుట్ట పీక తీసి, తాపీగా చెప్పింది. "జహాజూ లేదు, గిహాజూ లేదు. నా పెరట్లో ఆకే."

పొగ మానమని రోజూ పోరుపెట్టే ఈ టీచరు కోడలే రెండో చుట్టకి అగ్గిపెట్టె అందించింది. మీరైతే అందించకుండా ఉండేవారా?